సయాటికా ఎన్ని మైళ్ళు?

“ఏమయ్యా సాంబయ్యా, నీకసలు బుర్రుందా? సయాటికా అంటే ఊరా?” అని కాంపౌండరు జ్ఞానయ్య జగ్గయ్యపేట బజార్లో పదిమంది వింటుండగా అడిగేశాడు.

సాంబయ్య తొణకలేదు. “ఊరు కాకపోతే ఇంతమంది సిపాయిలు అక్కణ్ణించే ఎట్లా వస్తారయ్యా?” అన్నాడు.

జ్ఞానయ్య ఇంటికెళ్ళేదాకా దీని గురించే ఆలోచించాడనీ, దోవలో తనకే కాస్త అనుమానం వచ్చిందనీ చెప్పుకుంటారు.

విరిగిన ఎముకలు కట్టడంలో, పట్టేసిన నడుములు విడిపించడంలో మునేటికి ఇటొడ్డునా అటొడ్డునా సాంబయ్యని మించినవాడు లేడు. ఆయన తిక్కల్లా ఒక్కటే. సయాటికా అనేది బర్మాకి కాస్త అవతల ఉన్న పట్నమని ఆయన నమ్మకం. పెద్ద యుద్ధం అయ్యాక ఇళ్ళు చేరిన సిపాయిల్లో వంకరగా నడిచేవాళ్ళంతా ఆయన అరుగు మీదికే వచ్చేవారు. అందరి చేతుల్లోనూ మిలట్రీ ఆస్పత్రి కాగితం, అందరి నోటా “సయాటికా అన్నారండి” అనే మాట. ఇంతమందీ ఒకే పేరు చెబుతుంటే అది ఊరు కాక మరేమిటని ఆయన వాదన.

వత్సవాయి ఊరి శాంతయ్య పంతొమ్మిదొందల యాభై ఏడు వేసవిలో బస్సు దిగి వచ్చాడు. వచ్చాడనడం కంటే కొడవలిలా వంగి చేరాడనడం నిజం. బర్మాలో లారీలకు తూటాపెట్టెలు ఎత్తుతూ జారిపడ్డ నాటినుంచీ, తుంటి దగ్గర పుట్టిన నొప్పి ఎడమకాలి మడమ దాకా పాకేది. అందుకుగాను నెలకు పన్నెండు రూపాయల పింఛను వచ్చేది.

సాంబయ్య అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై కాలు మడిచి పట్టుకున్నాడు.

“ఎక్కడ పనిచేసావ్, మిలట్రీ?”

“బర్మాలోనండి. సయాటికా అన్నారు.”

“మళ్ళీ సయాటికానే! రైలుందా అక్కడికి?”

శాంతయ్య బిత్తరపోయాడు. “అది ఊరు కాదండి. నా కాలండి.”

“కాలు నా చేతిలోనే ఉందిగా, ఎటూ పోదు. ఊరి సంగతి చెప్పు. వానలా, ఎండలా?”

“వానలండి. మూడు నెల్లు ఒంటిమీద గుడ్డ ఆరలేదు. పెట్టెలు మోస్తుంటే కాళ్ళనిండా జలగలు...”

“జలగలే! ఎంతేసి?”

“ఇంతేసండి” అని శాంతయ్య చెయ్యి చాచి చూపించబోయాడో లేదో, నడుం దగ్గర టప్పున చప్పుడైంది. వీధి చివర మిరపకాయల బస్తాలు కుడుతున్నవాళ్ళు వినేంత కేక పెట్టాడు. పెట్టాక చూసుకుంటే కాలు చాచే ఉంది.

ఆ సాయంత్రం బస్సులో అతను కాలి గురించి కాదు, జలగల గురించి ఆలోచించాడు. ఇంట్లో ఎప్పుడు బర్మా మాటెత్తినా భార్య ఆరోగ్యమ్మ “ఆ గోలాపి అన్నం తిను” అనేది. చర్చి మెట్ల మీద మొదలుపెడితే జనం పొలం పనులు గుర్తు చేసుకుని లేచిపోయేవారు. పన్నెండేళ్ళలో ఆ జలగ పొడుగెంత అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

నెలకోసారి వెళ్ళడం మొదలైంది. వెళ్ళినప్పుడల్లా సయాటికా పెరిగేది. కాల్లోది కాదు, సాంబయ్య బుర్రలోది. ఈజిప్టు వెళ్ళొచ్చిన పరిటాల సిపాయి ఒకడు అక్కడంతా ఇసకేనన్నాడు.

“వాడు ఇసకంటాడు, నువ్వు వానంటావు. పెద్ద పట్నమే అయ్యుంటుంది. ఒక పేటలో ఇసక, ఒక పేటలో వాన” అని సాంబయ్య తీర్పు చెప్పాడు.

“సయాటికాలో చలి కూడా జాస్తేనండి” అని శాంతయ్య అనేసి నాలుక కరుచుకున్నాడు. ఏది కాలో, ఏది ఊరో అతనికీ తెలియకుండా పోతోంది.

సాంబయ్య షరతు ఒకటుంది. తగ్గితేనే మూడు రూపాయలు, తగ్గకపోతే దమ్మిడీ వద్దు. నాలుగోసారికి శాంతయ్య నిటారుగా నిలబడి డబ్బు తీశాడు.

“అప్పుడేనా? నువ్వింకా తిరుగు ఓడ ఎక్కనే లేదు కదయ్యా. ఎక్కి, ఇంటికొచ్చి, కథ పూర్తిచెయ్. అప్పుడిద్దువుగాని” అన్నాడు సాంబయ్య.

ఇంతలో ఎవడో పింఛన్ల ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. వత్సవాయి శాంతయ్య రోగం కుదిరి జెండాకర్రలా నడుస్తున్నాడనీ, పింఛను దండగనీ. నిజానికి శాంతయ్య నడుస్తున్నాడు, అంతే. బస్తా ఎత్తితే మళ్ళీ కొడవలే. కానీ కాగితాల దృష్టిలో మనిషి నడిస్తే బాగయినట్టు. ఏం మోసి బతుకుతాడన్నదానికి ఆ కాగితంలో గడి లేదు. ఆ పన్నెండూ పోతే ఆరోగ్యమ్మ పొయ్యి నెలలో సగం రోజులే వెలుగుతుంది.

విచారణకి తిరుపతిరావనే ఆఫీసరు వచ్చి నందిగామ బంగళాలో దిగాడు. వైద్యం చేసినవాడు సాక్షి కనుక సాంబయ్యనీ రమ్మన్నారు. బెంచీ చివర కూర్చున్న శాంతయ్య తనలో లెక్క వేసుకున్నాడు. ఈయన అబద్ధమాడడు, నిజం చెప్పడం రాదు. ఏది జరిగినా ప్రమాదమే.

“ఇతని సయాటికా పోయిందా?” అన్నాడు తిరుపతిరావు.

“ఎక్కడికి పోద్దండి? ఉన్నచోటే ఉంటది.”

“అంటే ఇంకా ఉందంటావ్.”

“బాంబులేసి పడగొట్టారేమో నాకు తెలవదండి. వీళ్ళొచ్చేటప్పటికైతే ఉందంట.”

గుమాస్తా కలం ఆగిపోయింది.

“నేనడిగేది కాలి సంగతయ్యా!”

“కాలినడకనా? అబ్బే, అంత దూరం నడవలేరండి. ఓడమీదే పోవాలంట.”

తిరుపతిరావు మంచినీళ్ళు తాగాడు. దారి మార్చి చూశాడు. “తగ్గితేనే డబ్బు తీసుకుంటావటగా. తీసుకున్నావా?”

“లేదండి.”

“ఏం?”

“ఇతనింకా సయాటికా నించి బయల్దేరలేదండి.”

గుమాస్తా మెల్లిగా, “ఏం రాయమంటారు సార్?” అన్నాడు.

“తగ్గలేదని రాయి” అన్నాడు తిరుపతిరావు నుదురు నొక్కుకుంటూ. “ఇద్దరికీనూ.”

పింఛను నిలబడింది. తిరుగు బస్సులో శాంతయ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు సీట్లో ఒక మామ్మ “తుంటి కాడ్నించి మడమ దాకా ఒకటే లాగుడు నాయనా” అని మూలుగుతోంది. సాంబయ్య కిటికీలోంచి చూపు తిప్పకుండానే, “అది సయాటికా, మామ్మా. నరం నొప్పి. బరువులెత్తకు, పక్కకి తిరిగి పడుకో” అన్నాడు.

శాంతయ్య నోరు తెరిచాడు. రెండు మైళ్ళు పోయాక గానీ మూతపడలేదు.

“మరి... ఊరు కాదాండి?”

“ఆవిడ మిలట్రీకెళ్ళిందా ఏంటి? ఊరు గురించి అడిగితే ఏం చెబుద్ది?”

“అయితే మమ్మల్నెందుకండీ అడిగేది?”

“నొప్పెక్కడరా అంటే బిగుసుకుంటారయ్యా మీరు. యుద్ధం ఎక్కడ చేసావంటే వదులవుతారు.” సాంబయ్య చుట్ట వెలిగించాడు. “పైగా బర్మా నేను చూడలేదు కదా!”

శాంతయ్య మూడు రూపాయలు తీసి ఆయన చేతిలో పెట్టబోయాడు.

“లోపల పెట్టవయ్యా. ఇది పుచ్చుకున్నానంటే నువ్వు బాగయినట్టు. మళ్ళీ ఆ నందిగామ ఎవడొస్తాడు? ఇంతకీ ఓడెక్కావా?”

“రేవు దాకా వచ్చానండి.”

“ఊఁ, చెప్పు.”

అది జరిగి పదేళ్ళు. శాంతయ్య ఇప్పటికీ నెలకోసారి జగ్గయ్యపేట వెళ్ళి చెబుతూనే ఉన్నాడు. ఓడ ఇంకా కదల్లేదు. మూడు రూపాయలు బాకీ ఉన్నాయి.