‘సమాప్తం’ కింద పెన్సిల్ రాత

ఆగస్టు పదిహేడు, ఆదివారం. ఆ రోజు మొదటి వింత, రోజూ వినబడే చప్పుడు వినబడకపోవడం. రుద్రంగిలో మా ఇంటి మూల దగ్గర ఆరు కాకముందే మా పెద్దబాపు జీపు మలుపు తిరుగుతుంది. తిరిగేటప్పుడు వెనక ఇరుసులోంచి టిక్ టిక్ టిక్ అని వస్తుంది. ఆ వెంటనే టైరు సిమెంటు రోడ్డును గీరుతుంది. జగిత్యాల హాస్టల్ నుంచి సెలవుకు ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను నిద్ర లేపేది అదే. ఆ రోజు ఏడైనా నేను లేవలేదు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి, "పెద్దబాపు ఎంత లేపినా లేస్తలేడే" అంది. నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు డాక్టరు.

ఆ గుండెకూ జీపుకూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆయన గురించి రాయాలంటే నేను జీపు గురించే రాయాలి. ఆయన నన్ను అడిగిన ఒకే ఒక పని దాని గురించే.

పెద్దబాపు మా నాన్నకు అన్న. వయసులో ఉన్నప్పుడు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపాడు. ఆ మోతకు ఎడమ చెవి మందగించింది. తరువాత ఊరికి వచ్చి పాత జీపు ఒకటి కొన్నాడు. పొద్దున గుట్టల కింది తండాల నుంచి పాల క్యాన్లు, ఆ తరువాత కోరుట్లకు కూరగాయలు, మనుషులు. రోజులో ఎక్కువ భాగం తారు రోడ్డు. తండాల దగ్గర కొద్ది దూరమే మట్టి బాట. కానీ వానాకాలంలో ఆ కొద్ది దూరమే ఆయనను సతాయించేది. బండి నడిపేటప్పుడు తల ఎడమకు వాల్చి, కుడి చెవిని గాలిలోకి పెట్టేవాడు. "బండి ఏమంటున్నదో ముందుగాల ఇనాలె బిడ్డా, మనం అనేది తర్వాత" అనేవాడు. కళ్ళజోడు కాడ విరిగితే మగ్గాల రోజుల నాటి పాలిస్టర్ దారంతో కట్టుకున్నాడు. కొత్తది కొనుక్కోమంటే, "గీ ముడి నాకంటె గట్టిగున్నది" అని నవ్వేవాడు.

బురదలో జీపు ఎందుకు ఆగిపోతుందో ఆయనే నాకు చెప్పాడు. వెనక ఇరుసు నడుమ గుండ్రటి డబ్బాలో పళ్ళ చక్రాలుంటాయి. మలుపులో ఒక టైరు ఎక్కువ, ఒక టైరు తక్కువ తిరగడానికి అవే వీలు కల్పిస్తాయి. బురదలో మాత్రం ఆ వీలే చిక్కు తెస్తుంది.

"జారే చక్రం ఉన్నది సూడు, ఇంజను బలమంత గదే గుంజుకుంటది. గిర్రున తిరుగుతది గని ముందుకు పోదు. గట్టి నేల మీదున్న చక్రమేమో తమాష సూస్కుంట కూసుంటది. అచ్చం మీ బాపు లెక్క."

రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ అనే సామాను ఉంటుందని సిరిసిల్ల మెకానిక్ ఆయనకు చెప్పాడట. వాటి వివరాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పెద్దబాపు ఫోను నా చేతికిచ్చి, "నువ్వు ఇంగ్లీషు సదువుతవు, తెలుగు మంచిగ రాస్తవు. మొత్తం సదివి నోటుబుక్కుల రాసియ్యి. రోజు తార్రోడ్డు మీద తిరిగే బండికి, నాసొంటోని చేతికందే దాంట్ల ఏది మంచిగుంటదో గదొక్కటి చెప్పు" అన్నాడు.

అప్పుడే నాకు మాటల పిచ్చి పట్టింది. జగిత్యాల కాలేజీ లైబ్రరీలో కూర్చుని నచ్చిన పదాలన్నీ ఒక పుస్తకంలో ఎక్కించుకుంటున్న రోజులు. రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. పళ్ళ చక్రాలను వెల్డింగ్‌తో అతికించేయడం అన్నిటికన్నా చవక, కానీ ఇక ఎప్పటికీ విడిపోవు. మీట నొక్కితే కలిసి, వద్దంటే విడిపోయేది అన్నిటికన్నా మంచిది, కానీ మన చేతికందదు. రెండింటికీ నడుమ, ఇంజను బలం అందగానే తనంతట తానే బిగుసుకుని, మలుపులో విడివడేది ఇంకొకటి. దానికి నేను ‘జంటముడి’ అని పేరు పెట్టాను.

పెద్దబాపు అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా చదివాడు. "జంటముడి అంటె ఏందే? బండికి పెండ్లి చేస్తున్నవా?" అన్నాడు. చివరిదాకా చదివి, నేను ‘సమాప్తం’ అని రాసి కింద పువ్వు గీసిన చోట వేలితో రెండుసార్లు తట్టాడు. "మా ఇంట్ల గిట్ల రాసేటోళ్ళు ఎవ్వలు లేకుండిరి" అన్నాడు.

ఆయనకు తెలియనిదొకటుంది. ‘రోజూ నడిపే బండికి’ అన్న భాగం ఫోనులోని ఆ ఇంగ్లీషు వివరాల్లో రెండో పేజీలో ఉంది. నిండా టైరు కొలతలు, ఆయిలు రకాలు, జాగ్రత్తలు. విసుగనిపించి వదిలేశాను. ఆ సమయమంతా ‘బిగింపు’ అనాలా, ‘జంటముడి’ అనాలా అని ఆలోచిస్తూ గడిపాను.

ఆయన ఆ నడిమి రకమే సిరిసిల్లలో వేయించాడు. మొదటి వానకు తండా నుంచి తల వెంట్రుకల దాకా బురదతో వచ్చి, వాకిట్లోనే నన్ను పిలిచాడు. "ఎక్కింది బిడ్డా! ఎద్దు లెక్క ఎక్కింది!" ఆ రోజు నేను పడిన గర్వం తలచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

వారం తరువాత నేను లైబ్రరీలో ఉండగా ఫోను చేశాడు. "బిడ్డా, గా పేజీలల్ల చప్పుడు గురించి ఏమన్న ఉన్నదా? వెనుకకెల్లి టిక్కు టిక్కు అంటున్నది."

నేను చూడలేదు. చూసి చెప్తానని కూడా అనలేదు. "లేదు పెద్దబాపు. ఉన్నదంతా రాసిన" అన్నాను.

"గట్లనా. సరే, సదువుకో. పరీక్షలు మంచిగ రాయి."

అంతే. ఎప్పుడో నాకు జీపు నేర్పిస్తూ ఆయన అన్న మాట ఒకటుంది. "తెల్వదనుడు తప్పు గాదు. తెల్వకుంటనే చెప్పినవనుకో, గప్పుడు రోడ్డు నిన్ను అడుగుతది." అది నా పదాల పుస్తకంలో రాసుకున్నాను కూడా.

ఆ తరువాత ఇంటికి వచ్చినప్పుడు మా మూల మలుపులో సిమెంటు రోడ్డు మీద నల్లటి వంపు గీతలు కనిపించాయి. వచ్చిన ప్రతిసారీ ఇంకా చిక్కబడి ఉండేవి. రోడ్డుకు కాటుక దిద్దినట్టుందని నాలుగు పంక్తులు రాసి, కాలేజీలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. అది ఆయన టైరు అరిగిన మసి అని ఒక్కసారి కూడా తోచలేదు.

పదకొండో రోజున సిరిసిల్ల మెకానిక్ వచ్చాడు. అన్నం తిన్నాక జీపు దగ్గర నిలబడి, నేనెవరో తెలియకుండానే నాతో చెప్పాడు. "ఇరుసు డబ్బ మూడుసార్లు ఇప్పించి సూపించిండమ్మా, చప్పుడస్తున్నదని. నాకు గూడ గిది కొత్త సామానే. ఇంగ్లీషు సదివిన బిడ్డ ఉన్నదంటివి గద, మల్లొకసారి అడుగరాదె అన్న. 'అది సక్కగనే రాసింది, నాకే అర్థం గాలె. పరీక్షలున్నయి దానికి, ఊకో' అన్నడు."

వెనక నుంచి పెద్దమ్మ అందుకుంది. "వాన పడితె మనుషులను ఎక్కించుకోకపోతుండె. బండి తోక ఊపుతున్నది, ఆడోళ్ళు పిల్లలతోని కూసుంటరు, నాకు భయమైతున్నది అన్నడు. తండోళ్ళేమో ముసలోనికి గర్వమొచ్చిందనుకున్నరు."

సీటు కింది పనిముట్ల పెట్టెలో నా నోటుబుక్కు దొరికింది. పాల కవర్లో చుట్టి ఉంది. చివరి పేజీలో నా ‘సమాప్తం’, పువ్వు. వాటి కింద పెన్సిలుతో, వంకర అక్షరాలతో ఆయన రాసుకున్నవి:

మలుపుల కాలు తియ్యాలె. గప్పుడు గుంజదు.
చప్పుడు రోగం గాదు.
వానల ఒక్కనివే పో.
తిన్నగ పోయినా ఎడమకు గుంజుతది. ఎందుకో తెల్వది. పరీక్షలైనంక బిడ్డనడగాలె.

అక్కడే, జీపు మెట్టు మీద కూర్చుని, ఫోనులో ఆ ఇంగ్లీషు రెండో పేజీ తీసి మొదటిసారి చదివాను. మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలని ఉంది. టిక్ టిక్ అనడం దాని స్వభావమని ఉంది. తడి రోడ్డు మీద జాగ్రత్త అని ఉంది. నేను చదవనివి ఆయన ఒక్క చెవితో విని రాసుకున్నాడు. ఆయనకు అందని సంగతి ఒక్కటే. వెనక టైర్లు రెండూ ఒకే కొలతలో, ఒకేలా అరిగి ఉండాలి. లేకపోతే బండి తిన్నగా పోతున్నా చిన్న టైరు వైపు లాగుతుంది.

లేచి వెనక్కి వెళ్ళి చూశాను. కుడి టైరు కొత్తది, దాని మీది గాట్లు ఇంకా పదునుగా ఉన్నాయి. ఎడమది సగం అరిగింది. దానికి జోడీగా అరిగిన పాత టైరు స్టెప్నీగా జీపు వెనకే వేలాడుతోంది. ఆయన ఫోను చేసిన రోజున నేను ఒక్క వాక్యం చదివి చెప్పి ఉంటే ఆ టైరు మార్చడానికి అరగంట పట్టేది.

రేపటి నుంచి పాల క్యాన్లు మా అక్క భర్త తీసుకుపోతాడు. అక్కది కోరుట్ల. పెద్దబాపు ఒక్కగానొక్క బిడ్డ. బావ పదేళ్ళు దుబాయిలో బండ్లు నడిపి వచ్చాడు. వాన పడేలా ఉందని, మనుషులను ఎక్కించుకోవద్దని చెప్పబోతే నవ్వాడు. "ఏందే మర్దలా, ఇసుకల నడిపినోనికి బురద పాఠమా?"

"పాఠం నాది గాదు బావా. పెద్దబాపుది" అని నోటుబుక్కు చేతికిచ్చాను. నిలబడే చదివాడు. చివరి వరుస దగ్గర ఆగాడు. "దీనికి జవాబేంది మరి?" అన్నాడు. ఈసారి ఎదురుగా పేజీ తెరిచి పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క వాక్యం చదివి చెప్పాను. నేను పేజీ చూడకుండా ఫోనులో చెప్పిన జవాబు గురించి కూడా చెప్పాను. బావ జాకీ ఎక్కడుందని అడిగాడు.

రేపు పొద్దున అయిదింటికి కొత్త టైరు విప్పి స్టెప్నీ ఎక్కిస్తాం. తరువాత నేను ముందు సీట్లో కూర్చుంటాను. మూల దగ్గర ఆ నల్లటి వంపుల మీదికి రాగానే బావ కాలు తీయాలి. నేను తల ఎడమకు వాల్చి వినాలి.