నాలుగు పేపర్లలో రెండు వదులుకున్నాను

డెబ్బైల నాటి మాట. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరుగా ఉంటూ, నగరంలో సాయంత్రం క్లాసుల ఎం.ఈ.లో చేరాను. అబ్బో, అప్పుడు నాకెంత గీర! ఆరు నెలలకు రెండేసి పేపర్లయితే మూడేళ్లు, నాలుగేసి అయితే ఏడాదిన్నర. "ఉద్యోగం చేసేవాళ్లకు రెండు చాలయ్యా" అన్నారు ప్రొఫెసరు. నాకు ఒళ్లు మండింది. నాలుగూ రాసిచ్చి వచ్చాను. ఎం.ఈ. చేతికొస్తే డిజైను విభాగానికి మారవచ్చు. ఆ ఒక్క ఆశ మీదే బతుకుతున్నాను.

చిక్కల్లా షిఫ్టులతోనే. ఒక వారం పొద్దుటి షిఫ్టు, మరుసటి వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. ఆ వారమంతా క్లాసు దక్కదు. ఎదుటివాళ్లు ఒప్పుకుంటే షిఫ్టు మార్చుకోవడం మా దగ్గర మామూలే. నా జోడీ సూపర్‌వైజరు, నేను చాచా అని పిలిచే పెద్దాయన, అడగ్గానే సరేనన్నారు. మూడు నెలలుగా మధ్యాహ్నం షిఫ్టులన్నీ ఆయనే చేశారు. నేను దర్జాగా బస్సెక్కి క్లాసులకు పోయాను.

ఒకరోజు క్లాసు లేదు. మరిచిపోయిన నోట్సు కోసం పొద్దుగూకే వేళ ఫ్యాక్టరీకి వెళ్లాను. డ్రిల్లింగు మెషిను పక్కన నిలబడి చాచా ఖర్జూరం నోట్లో వేసుకుంటున్నారు. కళ్లు మెషిను మీదే ఉన్నాయి. రంజాన్ మొదలై ఇరవై రోజులైంది. ఆ సంగతి నాకు తట్టనేలేదు!

"చాచా, ఇంట్లో ఒక్క పూటైనా ఉపవాసం విడిచారా?"

"సెలవు దినాల ఇడిసిన గదా. ఇల్లేమో సదాశివపేటల. జల్దీ పోయొచ్చుడు అయితదా? పరేషాన్ గాకు బేటా, మంచిగ సదువుకో."

"నాకెందుకు చెప్పలేదు?" అని కసిరాను, తప్పు నాదై ఉండి కూడా.

"నువ్వు అడగలే, నేను జెప్పలే. ఇగ ఇడిసెయ్."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే వెళ్లి రెండు పేపర్లు వదులుకున్నాను. "మూడేళ్లు పడుతుంది మరి" అన్నారు ప్రొఫెసరు. "పట్టనీయండి సార్, ఆరు నూరైనా పూర్తి చేస్తాను" అన్నాను. మిగిలిన రెండింటి క్లాసులు సోమ, మంగళవారాలే. ఇకమీదట నా వంతు మధ్యాహ్నం షిఫ్టుల్లో ఆ రెండు రోజులే మార్చుకుంటే చాలు. రంజాన్ అయ్యేదాకా మాత్రం మధ్యాహ్నం షిఫ్టులన్నీ నావేనని చాచాకు చెప్పాను. ఆయన వద్దన్నారు, నేను వినలేదు. పోయిన క్లాసుల నోట్సు తోటివాళ్లను అడిగి రాసుకున్నాను. అన్నట్టే మూడేళ్లకు ఎం.ఈ. పూర్తి చేశాను.

ఆ రంజాన్‌లో నేను చాచా బదులు మధ్యాహ్నం షిఫ్టు చేసిన మొదటి రోజు గడిచింది. మర్నాడు షిఫ్టు మారే వేళ చాచా నవ్వుతూ నా భుజం తట్టారు.

"నిన్న పొద్దుగూకంగ ఉపాసం ఇడువనీకి ఇంట్ల దస్తర్‌ఖాన్ మీద కూసుంటే మా చిన్న బిడ్డ అడిగింది, ఇయ్యాల సెలవా, అబ్బాజాన్ అని."