రాబర్ట్ గారి చేతి బ్యాండు

కోవిడ్‌కు ముందటి ఏడాది వేసవిలో, ప్లేనోలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఎల్వీఎన్‌గా, అంటే కింది మెట్టు నర్సుగా పనిచేస్తూనే, పై మెట్టు నర్సైన ఆర్ఎన్ కావడానికి బ్రిడ్జి కోర్సులో చేరాను. వేరే రాష్ట్రాల్లో ఎల్పీఎన్ అనేదాన్నే టెక్సాస్‌లో ఎల్వీఎన్ అంటారు. ఏడాది చదువు, ఒక లైసెన్సు పరీక్ష. మందులివ్వవచ్చు, పుండు కడిగి కట్టు కట్టవచ్చు. కొత్త రోగి స్థితిని మొదట అంచనా కట్టి రాయడం మాత్రం ఆర్ఎన్ పని. పద్నాలుగేళ్ళు నేను చూసి చెప్పిందే ఎవరో ఒక ఆర్ఎన్ రాసి సంతకం పెట్టేవారు. మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు చదివి ఫార్మకాలజీ నేర్చుకున్నవాణ్ణి, ఒళ్ళు మండదా?

కోర్సులో నిలవాలంటే స్కిల్స్ చెకాఫ్ దాటాలి. రబ్బరు బొమ్మను రోగిగా భావించి, గడువులోగా మాత్ర ఇవ్వాలి. అవకాశాలు రెండే. రెండూ పోతే ఇంటికే. అరవైకి దగ్గరపడ్డవాణ్ణి మళ్ళీ ఏ కాలేజీ చేర్చుకుంటుంది?

మొదటిసారి తలుపు తట్టలేదని ఫెయిల్ చేశారు. అక్కడ ఉన్నది పరదా. పరీక్ష పెట్టింది అంజలి, ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, నా వయసులో సగం కూడా లేదు.

"డోర్ ఏదమ్మా?" అన్నాను.

"ఉందని అనుకో అంకుల్. హీ ఈజ్ ఎ రియల్ పేషెంట్. రెస్పెక్ట్ ఇవ్వాలి."

వారం తర్వాత వెళ్ళి గాలిని తట్టాను. బొమ్మకు నా పేరు, హోదా చెప్పుకుని, వారి పేరు, పుట్టినరోజు అడిగాను. అంజలే గొంతు బొంగురు చేసుకుని, "రాబర్ట్. మార్చ్ ఫోర్త్," అంది. ఛార్టులోనూ అదే. చేతి బ్యాండు మీద మాత్రం మార్గరెట్ అని ఉంది, తేదీ కూడా వేరే.

మాత్ర ఆపేశాను.

"అది మార్నింగ్ బ్యాచ్ బ్యాండ్ అంకుల్, చేంజ్ చేయలేదు. ఇచ్చేయ్, టూ మినిట్సే ఉంది."

"ఈయన మార్గరెట్ అయితే?"

"అంకుల్! ఇట్స్ ఎ డాల్!"

"పోయినవారం మనిషన్నావు. ఛార్జ్ నర్సుని పిలువు." తేడా వస్తే మందు ఆపి, ఆ షిఫ్టు నర్సులందరికీ పెద్ద అయిన ఆమెకు చెప్పాలన్నది నియమం.

"ఛార్జ్ నర్స్ లేదు. ఉందని అనుకో."

"అనుకున్నాను. ఆవిడ బ్యాండు మార్చమంటోంది."

గంట మోగింది. ఫెయిల్.

అప్పీలు చేశాను. మందు ఆపడం సరైనదేననీ, ఫెయిల్ చేయడమూ సరైనదేననీ కమిటీవారు ఒకే ఉత్తరంలో రాశారు. ఎల్వీఎన్‌గానే రిటైరయ్యాను.

బ్రిడ్జి కోర్సుకు వెళ్ళేవారికి చెప్పగలిగింది ఇదొక్కటే: గడియారం మొదలవకముందే బొమ్మ చేతి బ్యాండు చదివి, తేడా ఉంటే మార్పించుకోండి. మొదలయ్యాక చూస్తే మాత్రం, మాత్ర ఇవ్వకండి.