కోడలి చేతిలో ఓడిపోవడం తెలిసిన మేస్త్రి

మా వియ్యంకుడు పోయారు. నెల కూడా కాలేదు. పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టి, ఛాతీ పట్టుకుని మంచం మీదికి ఒరిగారట. మణుగూరులో దవాఖానాకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. "నాయనా, మామ లేడు" అని మా అమ్మాయి ఫోన్లో ఒక్కమాట చెప్పి పెట్టేసింది.

నేను చదివింది ఏడో తరగతి. చండ్రుగొండ దగ్గర మిర్చి, పత్తి వేసుకుని బతికినవాణ్ణి. రాయడం వచ్చని కాదు, ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలి కదా అని కూర్చున్నాను. ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మనిషంటే నాకు ఎనిమిదేళ్ళుగా కుళ్ళు. శవం మీద పడి మా అమ్మాయి ఏడుస్తుంటే, రేపు నేను పోయిననాడు ఈ పిల్ల ఇంతగా ఏడుస్తుందా అనుకున్నాను. ఏ తండ్రీ అనుకోకూడని మాట. అయినా అనుకున్నాను.

ఆయన గని వర్క్‌షాపులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. తర్వాత మణుగూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, కార్ల హెడర్లకు సిరామిక్ పూత వేసే పని పెట్టుకున్నారు. హెడరంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఇంజినులోంచి మండే పొగ మొదట వచ్చి పడే గొట్టాల గుత్తి అది. ఎర్రగా కాలుతుంది. ఆ వేడి బానెట్ కింద ఉన్నవాటన్నింటినీ ఉడకబెట్టకుండా, గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడకుండా పూత వేస్తారు. పూతల్లో రకాలున్నాయి. ఏ బండికి ఏది వెయ్యాలన్నదే అసలు విద్య.

మా అమ్మాయి పెళ్ళయిన కొత్తలో మామకు టీ ఇవ్వడానికి షెడ్డులోకి పోయి, ఆ పనిలోనే ఉండిపోయింది. గొట్టం ఒకచోట నీలంగా, ఇంకోచోట ఎండుగడ్డి రంగులో ఎందుకుందని అడిగిందట. ఆయన చెప్పలేదు. "నువ్వే చూసి చెప్పు బిడ్డా" అన్నారట. వారం రోజులు చూసి చెప్పింది, ఎక్కువ కాలినచోట నీలం తిరుగుతుందని. ఆ ముచ్చట ఆయన నాకు పదిసార్లు చెప్పారు, సొంత కూతురి గొప్ప చెప్పుకున్నట్టు. నేను పదిసార్లూ నవ్వాను. లోపల మండింది.

షెడ్డు గోడకు పూత వేసిన గొట్టం ముక్కలు తీగెకు వేలాడుతుండేవి. కొత్త రకం డబ్బా వస్తే ముందు ఒక ముక్కకు వేసి, ఎర్రగా కాల్చి, చప్పున బకెట్ నీళ్ళలో ముంచేవారు. మన అడవి దారుల్లో వానాకాలం బండి వాగు దాటక తప్పదు. కాలే గొట్టానికి చన్నీళ్ళు తగిలితే నాసిరకం పూత పెచ్చులు లేస్తుంది. "బండి ఏ దారిన పోతదో అడగకుండ డబ్బా మూత తియ్యొద్దు" అనేవారు.

ఓసారి నేను పోయేసరికి వైరా నుంచి ఒకాయన తన కారు హెడరు తెచ్చి కూర్చున్నాడు. మా వియ్యంకుడు వెండిలా ఉన్న ముక్క తీసి, "గిది వేద్దాం, అద్దం లెక్క మెరుస్తది" అన్నారు.

"మెరుస్తది మామా, ఎన్నాళ్ళు? ఇంజిన్ హెడ్డు దగ్గర వేడికి పాలిపోతది. నల్లదే వెయ్యాలె" అంది మా అమ్మాయి.

"నలభై ఏండ్ల సంది చేతులు కాల్చుకుంటున్న. నాకు చెప్తవా?"

"చేతులే కాలినయనుకున్న. కండ్లు గూడ పోయినయా ఏంది?"

నా ఇంట్లో ఇరవై రెండేళ్ళు పెరిగిన పిల్ల, నేను ఏం చెప్పినా "అట్లనే నాయనా" తప్ప ఇంకో మాట ఎరగని పిల్ల, మామను పట్టుకుని కండ్లు పోయాయా అంటోంది. ఆయన రెండు చేతులూ ఎత్తేసి, "సరే తల్లీ, నువ్వే గెలిచినవ్" అన్నారు. వైరా ఆయన నవ్వి, "మేస్త్రమ్మ చెప్పినట్టే కానియ్యండి" అన్నాడు.

బయటికి వచ్చాక అడిగాను. "ఏంది బావా, గింత పని తెలిసి తప్పు చెప్తవ్?"

"తప్పని నాకెరుకే బావా. నేను ఒప్పు చెప్తే బిడ్డ తలూపుతది. తప్పు చెప్తే ఆలోచిస్తది. మీ ఇంట్ల అన్నీ ఒప్పులే చెప్పినట్టున్నవ్" అని నా భుజం మీద చరిచారు.

బస్సు దిగి ఇంటికి చేరినా ఆ మాట నా తలలోంచి దిగలేదు.

ఆ ఎండాకాలం అమ్మాయి మా ఇంటికి వస్తే నేనూ అలా తప్పు చెప్పి చూశాను. ఆకాశం నల్లగా మబ్బు పట్టి ఉంది. "మిర్చి కళ్ళంలో పరుద్దాం బిడ్డా" అన్నాను. బుద్ధున్న రైతు ఎవడూ అనడు. "అట్లనే నాయనా" అని కింద పరిచే పట్టా తీయడానికి పోయింది. మా ఆవిడ గడపలో నిలబడి, "వాన ముంగట మిర్చి ఆరబోస్తవా? వియ్యపాయన మీద కుళ్ళు నీ తలకెక్కింది" అంది. నిజమే. ఎదురు చెప్పడానికి కూడా చనువు కావాలి. నా కూతురి దగ్గర ఆ చనువు ఆయనకు దొరికింది, నాకు దొరకలేదు.

పెద్దకర్మ అయ్యాక షెడ్డు తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. భద్రాచలం అవతల అడవి ఊళ్ళకు మనుషుల్ని చేరవేసే బండాయన కాచుకుని ఉన్నాడు. టర్బో బండి, మామూలు ఇంజినుకన్నా వేడి ఎక్కువ. వేడి లోపలికి తన్ని కూర్చున్నవాళ్ళ కాళ్ళు కాలుతున్నాయట. మా అమ్మాయి హెడరుకు గాలి గొట్టంతో ఇసుక కొట్టి, తుప్పంతా తీసి, బల్ల మీద పెట్టింది. రెండు రకాల ముక్కలు ముందు పెట్టుకుని నిలబడిపోయింది. ఒకటి పట్టుకుంటుంది, దించుతుంది, రెండోది పట్టుకుంటుంది. వాదించడానికి ఎదురుగా మామ లేడు.

"మేస్త్రమ్మా, రేపు రమ్మంటవా పోనీ?" అన్నాడు బండాయన.

ఈ పిల్ల ఇవాళ తేల్చలేకపోతే రేపూ తేల్చలేదు, షెడ్డు మూతపడుతుందని నాకు భయమేసింది. లేచి పోయి హెడరు చేతిలోకి తీసుకుని, "మెరిసేదే వెయ్యి బిడ్డా, మంచిగుంటది" అన్నాను. తెలివిగా అన్నది కాదు. నాకు నిజంగా అదే బాగుందనిపించింది.

"అట్లనే నాయనా" అంది. ఆ డబ్బా మీద చెయ్యి వేసింది. మూత మాత్రం తియ్యలేదు. బండాయన వైపు తిరిగి, "ఏ దారిన తిప్పుతవ్ అన్నా?" అంది.

"వేరే దారి ఏడుంది చెల్లె. రెండు వాగులు దిగాలె, ఎక్కాలె."

మా అమ్మాయి డబ్బా పక్కకు నెట్టింది. "కాదు నాయనా. టర్బో వేడికి గిది ఆగదు. వాగు నీళ్ళు తగిలితే పెచ్చులు లేస్తది. మిర్చి సంగతి చెప్పు వింట, గొట్టాల సంగతి నీకేం ఎరుక?"

"నాకూ కండ్లున్నయ్ బిడ్డా."

"కండ్లతోని చూడు, చేతులతోని కాదు. గా గొట్టం నిన్ను ఎవరు పట్టుకోమన్నరు? చేతి జిడ్డు అంటితే పూత నిలబడతదా? మళ్ళ మొదటి నుంచి కడగాలె గిప్పుడు. అక్కడ పెట్టు. పోయి సబ్బుతో చేతులు కడుక్కో, ఫో."

పరాయి మనిషి ముందు, ముసలితనంలో, కూతురి చేత తిట్లు తిన్నాను. నా కడుపు నిండిపోయింది. అంత సంతోషం నాకు ఆమె పుట్టిననాడు కూడా కలిగిందో లేదో. మా వియ్యంకుడు ఎనిమిదేళ్ళు రోజూ అనుభవించింది ఇదా అనిపించి, ఆ సంతోషంలో కూడా ఆయన మీద కుళ్ళాను. ఆయనకు ఇలాంటివి ఎన్ని దొరికాయో. నాకు ఇది మొదటిది. ఇది నాకు దొరికేలా చేసిందీ ఆయనే.

షెడ్డు వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గోళ్ళల్ల ఉంది. ఇంకోసారి" అంది. మళ్ళీ పోయాను. మోచేతుల దాకా నురగ పట్టించుకుని, కుళాయి విప్పకుండా, లోపలి నుంచి ఇంకేమైనా అంటుందేమోనని చెవులు అటే పెట్టి నిలబడ్డాను.