పెళ్లిచూపుల్లో అత్త గొంతు

పోయిన నెల ఒక ఉదయం జమ్మలమడుగు నుంచి మా బావ ఫోన్ చేశాడు. "అమ్మ పొయ్యిందబ్బీ. నిద్దర్లోనే" అన్నాడు. మా మేనత్త అంత నిశ్శబ్దంగా వెళ్లిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. ఆమె వీధి మొదట్లో ఎవరినైనా పలకరిస్తే, చివరి ఇంటివాళ్లు తమనేమోనని బయటికి వచ్చేవాళ్లు.

అత్త పుట్టింది పులివెందుల దగ్గర లింగాలలో. పెళ్లయి జమ్మలమడుగు వచ్చింది. ఆమెను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె మనవరాలి, అంటే మా బావ కూతురి, పెళ్లిచూపులే.

ఆ అమ్మాయి, కాకినాడ అబ్బాయి హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. దారి కలిసొస్తుందని అబ్బాయి తల్లిదండ్రులు ప్రొద్దుటూరులో నేనుండే ఇంటికే వస్తామన్నారు. అత్త కోడలికి ఒకటే గుబులు. "అత్తా, నువ్వు మామూలుగా మాట్లాడినా వాళ్లు కొట్లాట అనుకుంటారు. ఈ పొద్దుకు గమ్మునుండు" అని బతిమాలింది. మనవరాలి కోసం అత్త సరేనంది.

వాళ్లు వచ్చారు. అత్త పెదవి విప్పకుండా కూర్చుంది. కాసేపటికి అబ్బాయి తల్లి మెల్లగా అడిగింది: "పెద్దావిడ గారు మాట్లాడరేంటండీ? ఒంట్లో బాగోలేదా?"

ఇక అత్త వల్ల కాలేదు. "శానా బాగుండాదమ్మా! నేను మాట్లాడితే మీరు జడుసుకుంటారని మావాళ్లు గమ్మునుండమన్యారు."

కోడలు కాఫీ గ్లాసులు ఎవరికీ ఇవ్వకుండానే తిరిగి లోపలికి పట్టుకుపోయింది. సంబంధం పోయిందనే అనుకున్నాం. అబ్బాయి తల్లి మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. "మా అత్తగారూ ఇంతేనండీ. ఆవిడ యాసంటే మా పిల్లలకి నవ్వులాట. మేమేమో టీవీలో వాళ్లలా మాట్లాడేలా తయారయ్యాం."

"అట్లనా! మరి ఆమెను యాల పిల్చకరాలేదు? ఇద్దరం కూసోని మాట్లాడుకునేవాళ్లం గదా!"

ఆ తర్వాత అత్తను ఆపినవాళ్లు లేరు. సాయంత్రానికి తాంబూలాలు మార్చుకున్నారు.

పెళ్లయ్యాక మనవరాలు ఫోనులో "అవునండీ, కాదండీ" అనడం మొదలుపెట్టింది. మన మాట పోతోందే అని నేను నొచ్చుకుంటే అత్త నవ్వింది.

"నేను కొత్తగా వచ్చినప్పుడు ఈడోళ్లు నా మాటకు నగినారు. కొన్నేండ్లకు లింగాలకు పోతే మా అమ్మే నగె, జమ్మలమడుగోళ్ల మాదిరి సాగదీస్తాండావే అని. నీళ్లు మారితే గొంతు మారదా అబ్బీ? పిలిస్తే పలికితే సాలు."

ఆ మాటతో నా బెంగ చాలావరకు తీరింది.

కర్మలకు మనవరాలు, అల్లుడు తమ చిన్నపాపతో వచ్చి జమ్మలమడుగులోనే ఉండిపోయారు. పాపకు పొద్దస్తమానం వీధి పిల్లలతోనే ఆట. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక, అల్లుడు రాత్రికి పెరుగు తేవడానికి చెప్పులు వేసుకుంటున్నాడు. పాప అరుగు మీదికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నగారూ, యాడికి పోతాండారండీ?"

లోపల కన్నీళ్లు తుడుచుకుంటున్న మా బావతో సహా ఇంటిల్లిపాదీ గొల్లున నవ్వాం. ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక పాప మా అందరినీ ఒకసారి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, జవాబు కోసం తండ్రి వైపే తిరిగి నిలబడింది.