బావ క్యారేజీలో వంకాయ

ఆ రోజుల్లో నాకు మనుషుల మీదకన్నా తాళాల మీద నమ్మకం ఎక్కువ. అది వంశపారంపర్యం. స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా నాన్న, ఊరికి బయల్దేరి దువ్వాడ స్టేషన్ దాకా వెళ్ళి కూడా, క్వార్టర్ తాళం లాగి చూడటానికి వెనక్కి వచ్చేవారు. (ఈలోగా రైలు వెళ్ళిపోయేది. తాళం మాత్రం ఎప్పుడూ వేసే ఉండేది.) అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి విశాఖలో ఒక ల్యాబులో రీసెర్చికి చేరాను. నా పని వంకాయకు రంగు పెంచడం. ఊదారంగునిచ్చే జన్యువు మొక్కలో ఎలాగూ ఉంటుంది, దానికి తోడుగా అలాంటిదే ఇంకొకటి చేర్చాను. కాయలు నేరేడుపళ్ళలా నిగనిగలాడాలి. "రివ్యూ కమిటీ వచ్చేలోపు కాయ నల్లబడకపోతే నీ సీటు గోవిందా" అని మా గైడుగారు ముందే చెప్పేశారు. (ఆయనకు మేం చాటుగా పెట్టుకున్న పేరు భూతద్దం.)

కాయలు కాశాయి. తెల్లగా! కొన్నిటికి మాత్రం అక్కడక్కడా ఊదా మచ్చలు. నాకు జన్యువు మీద అనుమానం రాలేదు, పక్క బెంచీ మీద వచ్చింది. అక్కడ పనిచేసే కుర్రాడు అందర్నీ బావా అనేవాడు, అందుకే ల్యాబంతా అతన్నీ బావ అనేది. సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళది, ఎప్పుడు క్యారేజీ విప్పినా చేపలే. సరిగ్గా నా కాయలు తెల్లబడిన వారంలోనే అందులో వంకాయ ప్రత్యక్షమైంది. నల్లటి తొక్కతో, ఎండురొయ్యలు వేసి! మర్నాడూ అదే. ఇంకేం కావాలి? నా మొక్కలు ఎత్తుకుపోయి, వాటి స్థానంలో తెల్ల రకం పెట్టేశాడు. ప్రయోగం కాయలు తినకూడదు, కాల్చేయాలని రూలుంటే, వీడు కూర వండించుకుంటున్నాడు!

మొక్కలు పెంచే గ్లాస్‌హౌస్‌కు ఇంకో తాళం వేశాను. చెల్లెలి నెయిల్ పాలిష్ పట్టుకొచ్చి ప్రతి కాండానికీ గుర్తుగా చుక్క పెట్టాను. చుక్కలు అలాగే ఉన్నాయి, కొత్త కాయలు మళ్ళీ తెల్లగానే వచ్చాయి. (అప్పుడు నెయిల్ పాలిష్‌ను అనుమానించాను. అదే రంగు సీసా బావ వాళ్ళింట్లోనూ ఉండొచ్చు కదా.) ఇక ఆగలేక ఒక మధ్యాహ్నం అడిగేశాను.

"రోజూ చేపలు తెచ్చేవాడివి, ఈ వంకాయ ఎక్కడిది?"

బావ ముద్ద చేతిలోనే ఉంచుకుని చూశాడు. "తగరపువలస సంతలోది. ఏటి, ఎందుకు?"

"మరి చేపలేమయ్యాయి?"

"వేట ఆపేసినారు గదేటి బావా! సేపలు గుడ్లెట్టే కాలం. మా బోటు ఒడ్డు మీదుంటే సేపలెక్కడ్నించి తెత్తాను?" అని, నా మొహం పరీక్షగా చూసి గొంతు తగ్గించాడు. "నాను నీ మొక్కలు దొంగతనం సేసినాననుకుంటన్నావేటి?"

నా చూపు అతని గిన్నెలోని నల్ల తొక్క మీదే ఉంది. బావ గిన్నెకు మూత పెట్టేసి లేచిపోయాడు. అప్పట్నించీ నాతో మాట మానేశాడు. ఇన్నేళ్ళు సముద్రం పక్కన బతికి, వేటకు కూడా సెలవులుంటాయని తెలియనివాణ్ణి ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే అయివుంటాను.

భూతద్దంగారు ఒక మచ్చల కాయను తిప్పి తిప్పి చూసి నవ్వారు. "ఒకే కాయకు రెండు రంగులు వేసి పెట్టే దొంగ ఎక్కడున్నాడ్రా? పెట్యూనియా పూలకూ ఇలాగే అయింది, రంగు పెంచబోతే తెల్లబడ్డాయి. నువ్వు చేర్చిన జన్యువును చూసి మొక్కకు అనుమానం వచ్చింది. దాన్నీ, దానిలాగే ఉన్న సొంత జన్యువునూ కలిపి నోరు నొక్కేసింది."

"అంటే సొంతది పోయినట్టేనా సార్?"

"పోదు. లోపలే ఉంటుంది. మాట్లాడదు, అంతే."

ఖాళీగా ఉన్న పక్క బెంచీ కేసి చూశాను. సీటైతే దక్కింది. రంగు పెంచడం మాని, ఆ జన్యువు ఎందుకు మూగబోయిందన్నదే నా థీసిస్ అయింది. కానీ ఆ సంతోషం చెప్పుకుందామంటే బావ నా వైపు చూస్తేగా.

వేట మళ్ళీ మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నా బెంచీ మీద గిన్నెడు చేపల పులుసు కనబడింది. పక్కనే బావ. "తిను బావా. ఇది మాత్రం నీ మొక్కకి కాసింది కాదు" అన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. (కారం కూడా కొంత కారణం.)

ఇప్పుడు నాకంటూ ఒక ల్యాబూ, శిష్యులూ ఉన్నారు. ఏటా వేట ఆపిన రోజున బావ ఫోను తప్పదు. "ఏటి బావా, మీ వంకాయలు బద్రమేనా? మా ఇంట్లో ఈ రోజు అదే కూర!" ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటాం. ఫోను పెట్టేశాక మాత్రం, ఎందుకైనా మంచిదని, ఒకసారి గ్లాస్‌హౌస్ దాకా వెళ్ళి తాళం లాగి చూసి వస్తాను.