అల్లుడు వండిన ముద్దపప్పు

ఎడారి చూడాలన్న కోరిక నాది కాదు, మా ఆవిడదీ కాదు. మా అత్తగారిది. బందరు కాలవ పక్క ఊళ్ళో పుట్టి, అదే కాలవ పక్క ఇంకో ఊరికి కాపురానికొచ్చి, వయసు మళ్ళాక బెజవాడలో మా దగ్గరికి చేరిన మనిషి. ఎటు చూసినా నీళ్ళే చూసిన ఆవిడకి, టీవీలో ఇసక తిన్నెలు కనిపించినప్పటి నుంచీ ఒకటే సందేహం.

"నీళ్ళు లేని చోట మనుషులు పొద్దున లేచి ఏం చేస్తారు బాబూ?" అని అడిగారు.

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నడిపేవాణ్ణి. గేర్‌బాక్సు గురించి అడిగితే చెప్పగలను గానీ ఇసక సంగతి నాకేం తెలుసు? తెలియదని ఒప్పుకోవడం కూడా నాకు గిట్టదు. అందుకని కారు తీశాను.

మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి. సెలవు దొరకగానే షరతు పెట్టింది, ఈ ప్రయాణంలో పొయ్యి ముట్టుకోనని. న్యాయమైన మాటే. అయినా ముందుజాగ్రత్తగా డిక్కీలో చిన్న గ్యాసు పొయ్యి, కుక్కరు, బియ్యం, కందిపప్పు, ఆవకాయ, నెయ్యి సర్దుకున్నాను. జాకీ మర్చిపోయి బయల్దేరతాడేమో గానీ, ఆవకాయ మర్చిపోయి మా జిల్లావాడెవడూ పొలిమేర దాటడు.

జైసల్మేరు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత సజ్జ రొట్టెలు తప్ప ఏమీ దొరకలేదు. మా ఆవిడ లొట్టలేసుకుంటూ తింది. అత్తగారికి పళ్ళు సహకరించలేదు. టీలో బిస్కెట్టు ముంచుకుని, కడుపు నిండిందనేవారు. ఆ ఉత్త కడుపు మీదే బీపీ మాత్ర వేసుకునేవారు. ఒక మధ్యాహ్నం మేం బస చేసిన మట్టి ఇంటి అరుగు దిగబోతూ తూలి, గోడ పట్టుకున్నారు.

మా ఆవిడ హడలిపోయింది. "సాయంత్రానికి అమ్మ అన్నం తిన్నదా, సరే. లేకపోతే పొద్దున్నే వెనక్కి తిప్పేయండి," అంది. తిన్నెలు అక్కడికి ఎంతో దూరం లేవు. అత్తగారు మంచం మీద అటు తిరిగి పడుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చాలా బాధనిపించింది.

"నేను వండుతానండీ," అన్నాను.

ఆవిడ లేచి కూర్చున్నారు. "అల్లుడు గరిటె పట్టుకుంటే అత్త కంచం ముందు కూర్చోవడమా? నలుగురూ వింటే నవ్విపోతారు బాబూ. నాకేం ఆకల్లేదు."

మా పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నేను తిన్నాకే తింటారు. నా ఎదురుగా కుర్చీలో కూడా కూర్చోరు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆకలికి వరసలేమిటి? పైకి అనలేదు గానీ బియ్యం డబ్బా కాస్త గట్టిగానే దించాను.

సీసాల్లో ఉన్న నీళ్ళు తాగడానికే సరిపోతాయి. అందుకని పెరట్లో బోరు నీళ్ళు పట్టి పప్పు కుక్కర్లో పెట్టాను. కూతలు వచ్చాయి. మూత తీస్తే గింజ గింజలాగే ఉంది. మళ్ళీ పెట్టాను. ఈసారి కుక్కరు కూయగలిగినంతా కూసింది. పలుకు నోట్లో వేసుకుంటే ఉప్పగా, గులకరాయిలా తగిలింది.

మా వృత్తిలో పని జరగకపోతే తప్పు మిషన్‌దే. గాస్కెట్ ఊడదీసి చూశాను. ఆవిరి రంధ్రంలో పుల్ల పెట్టి పొడిచాను. మార్చడానికి కొత్త గాస్కెట్ కూడా తెచ్చానని వేరే చెప్పక్కర్లేదు.

"ఓవర్‌హాలింగ్ అయిందా అండీ?" అంది మా ఆవిడ.

గుమ్మంలోంచి చూస్తున్న ఆ ఇంటావిడ ముసుగు చాటున నవ్వి, బోరు నీళ్ళవైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. ఇంటి వెనక్కి వెళ్ళి ఒక బిందెడు నీళ్ళు తెచ్చింది. మా ఆవిడ తన బ్యాంకు హిందీలో కనుక్కుని చెప్పింది. బోరు నీళ్ళకి పప్పు ఉడకదట. ఇవి ఇంటి వెనక గుంటలో పట్టి దాచుకున్న వాన నీళ్ళు. మళ్ళీ వాన పడేదాకా తాగడానికీ, పప్పుకీ ఇవే.

నేను పప్పు సంగతి మర్చిపోయి ఆ గుంట చూడటానికి పరిగెత్తాను. చుట్టూ నున్నగా అలికిన నేల లోపలికి వాలుగా ఉంది. చెప్పులతో అడుగుపెట్టనివ్వలేదు. చెత్త ఎలా ఆపుతారు, మూత ఎందుకు, అడుగున ఏముంటుంది అంటూ అడుగుతూనే ఉన్నాను. అనువదించలేక మా ఆవిడ విసుక్కుంది. నాకు తెలిసి నీళ్ళు రెండే రకాలు, కాలవలో ఉన్నవీ, రోడ్డు మీదికొచ్చినవీ.

ఆ నీళ్ళతో పప్పు మళ్ళీ మొదటి నుంచీ పెట్టి, బియ్యం కడగడం మొదలుపెట్టాను. మా వైపు కడగడమంటే చేతులు మునిగేలా పోసి, పిసికి, వంచేయడమే. కడుగు ఇసకలోకి వంచబోతున్నాను.

"ఆగండి బాబూ," అన్న మాట వినిపించింది. అత్తగారు. మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చేశారు. "కుడితి నేలపాలు చేస్తారా? అక్కడ మేకలున్నాయిగా."

గిన్నె నా చేతిలోంచి లాక్కుని, మెల్లగా నడిచి వెళ్ళి మేకల ముందు పెట్టారు. ఇంట్లో గేదెలున్నన్నాళ్ళూ రోజూ చేసిన పనే. నన్ను ఆపడానికి ఇంటావిడ కూడా పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు ఒకేసారి మాట్లాడుకున్నారు. నన్నే తిడుతున్నారని అర్థమైంది.

ఈసారి పప్పు వెన్నలా ఉడికింది. నేను ఎనిపి నెయ్యి వేసేసరికి అత్తగారు గరిటె అందుకుని, మా ఇద్దరికీ వడ్డించి, పక్కన నిలబడ్డారు. మళ్ళీ మొదటికొచ్చింది కథ.

నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఏంటి బాబూ, కలుపుకోండి."

"అలిగానండీ," అన్నాను. "పెళ్ళిలో అలకపాన్పు ఎక్కించి ఏం కావాలో అడగమంటే, సిగ్గుపడి ఏమీ అడగలేదు. ఆ అలక ఇప్పుడు అలుగుతున్నా. మీరు కూర్చుని తింటేనే తీరుతుంది."

అలిగిన అల్లుడి మాట కాదనే అత్తగారు మా వైపు ఇంకా పుట్టలేదు. ఆవిడ కూతురివైపు చూశారు. కూతురు ముద్ద మింగుతూ నవ్వు ఆపుకుంటోంది. ఇంటావిడకి ఏమర్థమైందో, చాప తెచ్చి నా ఎదురుగా పరిచింది. అత్తగారు ఓ పక్కకి ఒదిగి కూర్చున్నారు. వేడన్నంలో పప్పు, ఆవకాయ కలిపి ఒక ముద్ద పెట్టుకుని నమిలారు. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

"ఉప్పు తక్కువైంది బాబూ," అన్నారు.

ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని స్కూటరు కాలవలో పడేసినా, రోడ్డు బాలేదన్న మనిషి. నాలో తప్పు పట్టడం అదే మొదలు. మొదట బోరు నీళ్ళతో తగిలిన ఉప్పదనానికి భయపడి, ఈసారి నేనే ఉప్పు తగ్గించాను. ఆ మాట చెప్పుకోలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవకాయ ఘాటు అనుకోనీ అని ఊరుకున్నాను.

ఆవిడ ఎడం చేత్తో గరిటె అందుకుని ఇంకాస్త పప్పు వేసుకున్నారు.

"రేపు ఆ తిన్నెల దగ్గర కూడా మీరే వండండి," అన్నారు. "ఉప్పు మాత్రం నేను చూసుకుంటాను."